బల్ల ఆదివారం పెట్టిన సంతకం

ఫెలిక్స్ తనకు చేసిన అన్యాయం గురించి బైరాగి చెప్పని చాయ్ దుకాణం కలకత్తా వాట్‌గంజ్‌లో లేదు. వినేవాళ్ళకి చెప్పాడు, వినకుండా లేచిపోయేవాళ్ళ వెనకాల నడుస్తూ కూడా చెప్పాడు. ఆ రోజు చెబుతున్నప్పుడు సరిగ్గా అతని నెత్తి మీదే ఫెలిక్స్ నవ్వుతున్నాడు. నాలుగడుగుల పోస్టరులో, నల్లకోటు వేసుకుని, రెండు చేతులూ జోడించి. పైన బెంగాలీలో, మధ్యలో హిందీలో, అడుగున ఓడరేవు డాకులో పనిచేసే తెలుగువాళ్ళ కోసం తెలుగులో అచ్చేయించారు: ‘బానిసల సంకెళ్ళు తెంచిన వకీలు. మన ఫెలిక్స్‌కే మన ఓటు.’

"తెంచినాడు, నిజివే," అన్నాడు బైరాగి మట్టి గ్లాసు బల్ల మీద పెడుతూ. "తెంచిన సంకెల పట్టుకెల్లి మళ్ళీ ఎవుడి సేతికిచ్చినాడో అడగండి. అది అడగరు."

చాయ్ మరిగిస్తున్న పెద్దిరాజు గరిటె ఆపాడు. "మళ్ళీ మొదలెట్టినావా బావా? మనోడొకడు అసెంబ్లీకి ఎల్తాడంటే సంతోసం నేదేటి నీకు? పొద్దున్నే నా పొయ్యిలో నీళ్ళు పోస్తావు."

"నీ పొయ్యి నాకెందుకురా. నా ముప్పై ఎనిమిది సెంట్లు నాకు గావాల."

ఆ ముప్పై ఎనిమిది సెంట్లు శ్రీకాకుళం జిల్లాలో, పలాస దాటి సముద్రం వైపు వెళితే వచ్చే పెదకొర్లాంలో ఉన్నాయి. ఇసుక నేల. అందులో పదకొండు జీడిమామిడి చెట్లు ఉండేవి. అతని తల్లి అమ్మన్నమ్మ కావిడి కట్టుకుని, కిలోమీటరు నుంచి నీళ్ళు మోసి పెంచిన చెట్లవి. బైరాగి అయిదో తరగతిలో బడి మానేసింది కూడా ఆ కావిడి తనూ అందుకోవడానికే. తిత్లీ తుఫాను ఒక్క పూటలో ఏడు చెట్లను వేళ్ళతో సహా పెకలించి పడేసింది. నాలుగు మిగిలాయి. జీడిపిక్కలమ్మి బతికే ఇంట్లో ఆ ఏడాది అమ్ముకోవడానికి పిక్క లేదు.

అప్పుడొచ్చాడు సత్యానందం మేస్త్రీ. కలకత్తా పక్క సంత్రాగాఛిలో రైల్వే క్వార్టర్లలో పుట్టి పెరిగినవాడు, తెల్ల చొక్కా, జేబులో చిన్న బైబిలు, నోట్లో ఎప్పుడూ లవంగం. గంగ ఒడ్డున ఒక ఇటుకల బట్టీ లీజుకు తీసుకున్నానని, మనవాళ్ళకే పని ఇవ్వాలనుకుంటున్నానని చెప్పాడు. నలభై అయిదు వేలు అడ్వాన్సు చేతిలో పెట్టాడు. "ఊరికే, నమ్మకం కోసం," అని పొలం కాగితం తీసుకున్నాడు. తరవాత ఏదో ఆఫీసులో ఒక సంతకం పెట్టించుకున్నాడు. ఆ సంతకంతో ఆ నేల సత్యానందం బావమరిది పేరు మీదికి మారిపోయిందని బైరాగికి రెండేళ్ళ దాకా తెలియదు.

బట్టీలో వెయ్యి ఇటుకలు కోస్తే ఇంత అని లెక్క. కానీ వాన పడి పచ్చి ఇటుక కరిగిపోతే ఆ నష్టం కోసినవాడిది. బియ్యం మేస్త్రీ కొట్లోనే కొనాలి. ఆధార్ కార్డులు మేస్త్రీ పెట్టెలోనే ఉండాలి. మొదటి సీజను అయ్యేసరికి నలభై అయిదు వేల అడ్వాన్సు యాభై రెండు వేలయింది. వానాకాలంలో ఊరికి పోతామంటే షెడ్డుకి బయట గొళ్ళెం పడింది. పెళ్ళాం అప్పలకొండమ్మ, పద్నాలుగేళ్ళ కూతురు రోజా, తను, ఇంకా పదహారు మంది. మొత్తం పంతొమ్మిది తలలు ఒక రేకుల కింద.

వాళ్ళని బయటికి తెచ్చింది ఫెలిక్సే. ఈ మాట దగ్గరికి వచ్చేసరికి బైరాగి గొంతు ఎప్పుడూ కొంచెం తగ్గేది. మనస్ఫూర్తిగా తిట్టుకోనివ్వకుండా అడ్డం వచ్చే మంచి అది.

ఫెలిక్స్ తాత ఖిదిర్‌పూర్ డాకుకి మూటలు మొయ్యడానికి వచ్చినవాడు. తండ్రి క్రేన్ నడిపాడు. ఫెలిక్స్ లా చదివి, పదేళ్ళపాటు కోర్టు వరండాలో అద్దె కాగితాలు రాసుకుని బతికాడు. ఒకనాడొక ముసలామె వచ్చి, అడ్వాన్సు తీరలేదని తన మనవరాలిని ఒక బట్టీవాడు పంపడం లేదని ఏడ్చింది. అద్దె కాగితాలు బల్ల మీద వదిలేసి ఆ ముసలామెతో బస్సెక్కాడు ఫెలిక్స్. ఆ రోజు మొదలు ఇక వెనక్కి రాలేదు. బట్టీలు, చేపల చెరువులు, తాళం వేసిన జరీ పనివాళ్ళ గదులు. ఫీజు లేదు, కారు లేదు, ఒక్కటే నల్లకోటు. ఆ కోటు చంకల దగ్గర ఎర్రబడిపోయేదాకా వేసుకున్నాడు.

సత్యానందం బట్టీకి అధికారిని వెంటబెట్టుకుని వచ్చిన రోజు బూట్లు విప్పి చేత్తో పట్టుకుని మోకాలి లోతు బురదలో నడిచాడు. కాపలావాడొకడు ఇటుకలు కోసే చెక్క అచ్చు తీసుకుని చెవి మీద కొట్టాడు. నెత్తురు కాలర్లోకి కారుతుంటే అలాగే నిలబడి, పంతొమ్మిది మంది పేర్లూ తెలుగులో అడిగి రాసుకున్నాడు. ఆ ఎడమ చెవి మళ్ళీ వినిపించలేదు. అందుకే బైరాగి ఆయన పక్కన ఎప్పుడు నడిచినా కుడివైపే నడిచేవాడు. ఎవరూ చెప్పలేదు, తనకు తానే అలవాటు చేసుకున్నాడు.

ఆ తరవాత లాక్‌డౌన్ వచ్చింది. మిగతా పదహారు మందిలో చాలామంది ఎలాగో ఊళ్ళకి చేరారు. బైరాగి కుటుంబం మాత్రం వాట్‌గంజ్‌లో, ఫెలిక్స్ వెళ్ళే బెతెస్ద తెలుగు సంఘం గుడి వెనకాల గదిలో ఉండిపోయింది. రోజా మళ్ళీ బడికి వెళ్ళింది, బెంగాలీ మీడియం. బైరాగి డాకు గోదాముల్లో మూటల పనికి కుదిరాడు. మరుసటి ఏడాది ముగ్గురూ బాప్తిస్మం తీసుకున్నారు.

కేసు మొదలైంది. ఫెలిక్స్ వాళ్ళని గుడి వరండాలో కూచోబెట్టి పాఠం చెప్పేవాడు.

"ఒరే బైరాగీ, కోర్టులో ఏటని సెప్తావు?"

"మేస్త్రీకి అప్పున్నాం బావు, అందుకే…"

"సచ్చావు! అప్పు అన్నావంటే కేసు అక్కడే పోయింది. అప్పయితే తీర్చాలి. ఇది అప్పు కాదు. మనిషిని కట్టేసే తాడు. కట్టేశాడని కోర్టు ఒప్పుకుందా, ఆ అడ్వాన్సు రద్దు, దాని కింద రాయించుకున్న నేల కూడా నీకు వెనక్కి. చట్టం అలాగే ఉంది. ఇంకోటి. ఎవుడు కాగితం ఇచ్చినా చదవకుండా సంతకం పెట్టకు. నేనిచ్చినా సరే."

‘నేనిచ్చినా సరే.’ ఈ మాట చెప్పినవాడు ఫెలిక్స్. తరవాత బైరాగి చాయ్ దుకాణాల్లో మిగతా కథలో కొన్ని సంగతులు మరిచిపోయేవాడు గానీ ఈ మాట ఒక్కసారి కూడా మరిచిపోలేదు.

బురదలో నడిచిన ఫోటో పేపర్లో పడ్డాక పార్టీవాళ్ళు ఫెలిక్స్‌ని వెతుక్కుంటూ వచ్చారు. కౌన్సిలర్ టికెట్టిచ్చారు. గెలిచాడు. ఆ గెలుపు పొద్దున వాట్‌గంజ్ సందుల్లో రంగులు పూసుకుని ఎగిరినవాళ్ళలో బైరాగి ముందున్నాడు. ఫెలిక్స్‌కి కొత్త కోటు వచ్చింది, బండి వచ్చింది, ఆఫీసు వచ్చింది. అర్జీలు పట్టుకుని వచ్చేవాళ్ళ కోసం ఆఫీసులో బెంచీ ఎడమవైపు వేయించాడు. జనం నవ్వుకున్నారు. బైరాగి నవ్వలేదు. బల్ల చుట్టూ తిరిగి వెళ్ళి కుడివైపే నిలబడేవాడు.

ఇక్కడ బెతెస్ద సంఘం వాళ్ళ పద్ధతి ఒకటి చెప్పాలి. నెలకొకసారి రొట్టె, ద్రాక్షరసం పంచుకునే బల్ల ఆదివారం నాడు, రొట్టె విరిచే ముందు, పాస్టరు గారు అందరినీ అడుగుతారు: ఎవరికైనా ఎవరి మీదైనా ఏమైనా ఉందా అని. ఉన్నవాడు లేవాలి. ఎవరి మీద ఉందో వాళ్ళు ఎదురొచ్చి చెయ్యి పట్టుకోవాలి. ఆ తగువు అక్కడితో పోయిందని సమాధాన పుస్తకంలో రాసి ఇద్దరూ సంతకం పెట్టాలి. అదయ్యేదాకా రొట్టె మీద తెల్లగుడ్డ తియ్యరు. వెనకటికి డాకులో తెలుగు కూలీ ముఠాలు కత్తులతో కొట్టుకునే రోజుల్లో ఎవరో పాస్టరు పెట్టిన ఏర్పాటు. పుస్తకంలోకి ఎక్కిన తగువుని మళ్ళీ ఎవరూ ఎత్తకూడదు. అత్తాకోడళ్ళ దగ్గర్నుంచి గోడల తగువుల దాకా అందులో ఉన్నాయి. ఆ పుస్తకాన్ని కోర్టుకి పట్టుకెళ్ళవచ్చని ఆ సంఘంలో పుట్టినవాడెవడికీ తోచలేదు. ఒక్క వకీలుకి తప్ప.

అసెంబ్లీ టికెట్టు మాట నడుస్తున్న రోజుల్లో ఒక శుక్రవారం ఫెలిక్స్ తనే బైరాగి గదికి వచ్చాడు. మంచం మీద కూచుని అప్పలకొండమ్మ ఇచ్చిన చాయ్ తాగాడు.

"ఈ ఆదివారం సత్యానందం మన గుడికొస్తాడు. పెద్దోడైపోయాడు, సుగరు. నీ చెయ్యి పట్టుకుని సమాధానపడతానంటున్నాడు. కాదనకు."

బైరాగి లేచి నిలబడ్డాడు. "మరి కేసో బావు?"

"కేసు కోర్టుది. ఇది గుడిది. దానికీ దీనికీ సంబంధం ఏటుంది?"

"ఆడిని సూస్తే నా ఒళ్ళు మండిపోద్ది."

"అందుకే గదా పట్టుకోమన్నాను. మంట నీ లోపలుంటే కాలేది నువ్వే," అని లేచాడు ఫెలిక్స్. గుమ్మం దగ్గర ఆగి, "బాప్తిస్మం తీసుకున్నోడివి, ఆ మాత్రం సెయ్యలేవేటి," అని నవ్వాడు.

సత్యానందం మాట మీద ఓటు వేసే ఇళ్ళు ఆ నియోజకవర్గంలో రెండు వందలకి పైగా ఉన్నాయన్న సంగతి, గుడికి కొత్త రేకులు ఆయనే వేయించబోతున్నాడన్న సంగతి ఫెలిక్స్ చెప్పలేదు. బైరాగి అడగలేదు.

ఆ ఆదివారం గుడి నిండిపోయింది. పాస్టరు సురేష్ బాబు గారు అడగాల్సింది అడిగారు. ముందు వరసలోంచి సత్యానందం లేచాడు. కర్ర పట్టుకుని నెమ్మదిగా నడుచుకుంటూ వచ్చి, బైరాగి ముందు నిలబడి, రెండు చేతులూ చాపాడు. కళ్ళలో నీళ్ళున్నాయి. లవంగం వాసన వస్తోంది. ఆ వాసనకి బైరాగికి బట్టీ, గొళ్ళెం, వానలో కరిగిపోతున్న ఇటుకల వరసలు అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి.

"తమ్ముడూ, నన్ను క్షమించు," అన్నాడు సత్యానందం.

రెండు వందల మంది చూస్తున్నారు. మూటలు మోసేవాడిని ‘ఏయ్ మద్రాసీ’ అని తప్ప పిలవని ఊళ్ళో, అంతమంది ముందు, అంత డబ్బున్నవాడు తమ్ముడూ అన్నాడు. బైరాగి చెయ్యి దానంతటదే ముందుకు వెళ్ళింది. "స్తోత్రం!" అని ఆడవాళ్ళ వైపు నుంచి ఎవరో అరిచారు.

పుస్తకం తెచ్చారు. అప్పటికే నాలుగు లైన్లు రాసి ఉంది. పాస్టరు గారు వేలిముద్ర డబ్బా కూడా పక్కన పెట్టారు. అదే చేసింది తప్పంతా. బైరాగికి రోషం వచ్చింది.

"డబ్బా ఎందుకయ్యగారూ? నాను సంతకం సేస్తాను," అన్నాడు గట్టిగా.

పెన్ను తీసుకుని, వంగి, నాలుక పళ్ళ మధ్య పెట్టుకుని, అక్షరం అక్షరం దిద్దాడు. కొర్లాం బైరాగి. ‘ర’కి దీర్ఘం, కింద ‘ళ’ కాదు ‘ల’ వత్తు, పక్కన సున్నా, ‘బై’కి ఐత్వం, ‘గి’కి గుడి. నిమిషం పైగా పట్టింది. ముందు వరస పిల్లలు నవ్వితే తనూ నవ్వాడు. ఆ పైన ఉన్న నాలుగు లైన్లూ అతనికి వచ్చిన తెలుగులోనే ఉన్నాయి. చదివితే చదవగలడు. రొట్టె ఆగి ఉంది, అందరూ చూస్తున్నారు, సంతకం అందంగా వచ్చింది. పుస్తకం మూసేశారు.

ఏడాదిన్నర తరవాత తీర్పు వచ్చింది. సత్యానందం నిర్దోషి.

తీర్పు కాగితాలకి జతచేసిన వాటిలో, సత్యానందం తరఫున దాఖలైన ఆ పుస్తకం పేజీ కూడా ఉంది. తెలుగు పేజీ పక్కన కోర్టు కోసం చేయించిన బెంగాలీ అనువాదం. ఇన్నేళ్ళ బెంగాలీ బడితో రోజాకి తెలుగు చేతిరాత కంటే బెంగాలీ చదవడమే తేలిక. గుమ్మం దగ్గర వెలుగులో కూచుని బెంగాలీలో చదువుతూ తండ్రికి తెలుగులో చెప్పింది.

"‘సోదరుల మద్దెన సేబదులుగా ఇచ్చుకున్న డబ్బు గురించి వొచ్చిన మనస్పర్ద నేటితో పోయింది. బైరాగి తన ఇష్టంతోనే పని సేసినాడు. నేల తన ఇష్టంతోనే రాసిచ్చినాడు. ఇకమీదట ఎవురికీ ఎవురి మీదా ఏ హక్కూ నేదు.’" ఆగింది. "అయ్యా, ఇది నువ్వన్నావా?"

బైరాగి ఆ కాగితం లాక్కున్నాడు. తెలుగు పేజీ మీద వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదివాడు. చేబదులు అన్న దగ్గర వేలు ఆగిపోయింది. కింద తన సంతకం, ఎంత గుండ్రంగా ఉందో. పైన రాత అతనికి తెలిసిన రాతే. బట్టీలో నెత్తురు కారుతుండగా పంతొమ్మిది పేర్లు రాసిన చెయ్యే అది.

"ఆ పొద్దు సదివుంటే నీ సేతులేటి పడిపోయేవా?" అంది అప్పలకొండమ్మ. ఆమె ఏడవలేదు. బియ్యంలో రాళ్ళు ఏరుతూనే అంది. "నాకు అచ్చరం ముక్క రాదు. నానైతే ‘ఇందులో ఏటుందో సదివి సెప్పండి’ అని ఒకర్ని అడిగేదాన్ని. నీకొచ్చిన నాలుగు ముక్కలే నిన్ను ముంచినాయి."

బైరాగి గుడికి పరిగెత్తాడు. పాస్టరు గారు తల వంచుకున్నారు. "ఫెలిక్స్ గారే రాసి తెచ్చారు బ్రదర్. సంఘం మంచికేనన్నారు. నేను ఆ సంగతులు అంత లోతుగా చూడలేదు."

"రేకులు మాత్రం బాగా సూసినారు," అన్నాడు బైరాగి పైకి చూసి.

రోజాకి తెలిసిన ఒక చిన్న లాయరమ్మ, రమాకుమారి అని, కాగితాలన్నీ చూసి ఒకటే మాట చెప్పింది. పై కోర్టుకి వెళ్ళవచ్చు, మూడు నెలల గడువుంది. కానీ ఆ రాత గుడిలో రాజీ కోసం తను రాసిందేననీ, బైరాగి చదవకుండా సంతకం పెట్టాడనీ ఫెలిక్స్ ఒక కాగితం రాసివ్వాలి. అది లేకపోతే వెళ్ళీ లాభం లేదు.

బైరాగి ఫెలిక్స్ ఆఫీసుకి వెళ్ళాడు. ఒకసారి కాదు, పదకొండు సార్లు. పదిసార్లు బెంచీ మీద కూచోబెట్టి పంపేశారు. పదకొండోసారి ఎవరినీ అడక్కుండా లోపలికి తోసుకుని వెళ్ళి కుడివైపు నిలబడ్డాడు.

ఫెలిక్స్ తలుపు వెయ్యమని కుర్రాళ్ళకి సైగ చేశాడు. అబద్ధం ఆడలేదు. అది బైరాగిని ఇంకా మండించింది.

"రాసింది నేనే," అన్నాడు. "ఆ కాగితం నీకు రాసిచ్చానంటే నా లైసెన్సు పోద్ది, టికెట్టు పోద్ది. ఎలక్షన్ అవనీ, నీ నేలకి డబల్ కొనిపెడతాను."

"గడువు ఎలక్షన్ కంటే ముందే అయిపోద్ది."

"బైరాగీ, నా మాట విను. నేను ఒక్కొక్కణ్ణి బురదలోంచి లాగుతూ కూచుంటే ఇంకో వందేళ్ళయినా తీరదు. అసెంబ్లీలో కూచుంటే బట్టీలన్నిటికీ కలిపి ఒక్క గట్టి చట్టం తేగలను. వేలమంది బయటపడతారు. దానికి సత్యానందం ఓట్లు కావాలి. ఒక పక్క వేలమంది, ఒక పక్క ఒక్కడి ముప్పై ఎనిమిది సెంట్లు. నువ్వే సెప్పు, నా స్థానంలో ఉంటే ఏటి సేస్తావు?"

"ఆ ఒక్కడ్నీ అడిగుంటే బాగుండేది బావు," అన్నాడు బైరాగి. "‘నీ నేల ఇచ్చేస్తావేటిరా, వేలమంది కోసం’ అని నన్ను అడిగుంటే ఇచ్చేవోణ్ణేమో. అడగనేదు. మేస్త్రీ కూడా అడగనేదు. ఇద్దరూ సంతకమే సేయించుకున్నారు."

ఫెలిక్స్ కుర్చీ తిప్పుకున్నాడు. ఎడమ చెవి బైరాగి వైపుకి వచ్చింది. "ఎలక్షన్ అవనీ," అన్నాడు కిటికీకేసి చూస్తూ.

బైరాగి ఇంకా ఏదో అన్నాడు. అది ఆ చెవికి చెప్పినట్టయింది.

గడువు ఒక బుధవారంతో తీరుతుంది. దానికి ముందు వచ్చింది బల్ల ఆదివారం. ఎలక్షనుకి రెండు వారాలు. గుడి బయట మూడు బళ్ళు, లోపల ఇద్దరు టీవీవాళ్ళు, ముందు వరసలో ఫెలిక్స్, పక్కన సత్యానందం. తెలుగు రాని పార్టీ పెద్ద ఒకాయన కూడా వచ్చి చెప్పులు విప్పి భక్తిగా కూచున్నాడు. పైన కొత్త రేకులు తళతళలాడుతున్నాయి. బల్ల మీద తెల్లగుడ్డ కింద రొట్టె ఉంది.

పాస్టరు గారు గొంతు సవరించుకున్నారు. ఆ రోజు ఆ ప్రశ్న తొందరగా అడిగేసి తొందరగా దాటేద్దామనుకున్నట్టున్నారు. "ఎవరికైనా ఎవరి మీదైనా ఏమైనా ఉందా, లేదు కాబట్టి…"

"ఉంది," అన్నాడు బైరాగి.

మగవాళ్ళ వైపు చివరి వరసలో లేచి నిలబడ్డాడు. ఉతికిన చొక్కా, గుండీ మెడ దాకా పెట్టుకున్నాడు. అప్పలకొండమ్మ అటువైపు నుంచి చూసింది. కూచోమనలేదు.

"నాకు ఫెలిక్స్ మీద ఉంది."

తలలన్నీ తిరిగాయి. పార్టీ పెద్ద పక్కవాణ్ణి "కీ బోల్‌ఛే?" అని అడిగాడు. ఏమంటున్నాడన్న ఆ ప్రశ్నకి పక్కవాడు పాటల పుస్తకం తిరగేశాడు.

ఫెలిక్స్ మంచి వకీలు. ఒక్క క్షణం కూడా తడబడలేదు. లేచాడు, నవ్వు మొహంతో నడుచుకుంటూ చివరి వరస దాకా వచ్చాడు. కెమెరాలు వెనకాలే వచ్చాయి. బైరాగి రెండు చేతులూ పట్టుకుని, అందరికీ వినపడేలా, "నా తమ్ముడికి నా వల్ల ఏదైనా బాధ కలిగితే క్షమించమని అడుగుతున్నాను," అన్నాడు. "స్తోత్రం!" అని మళ్ళీ ఎవరో అరిచారు. ఎంత తేలిగ్గా వచ్చేసిందో ఆ మాట.

బైరాగి చేతులు వెనక్కి లాక్కున్నాడు. "పుస్తకం తెప్పించండి అయ్యగారూ."

పుస్తకం వచ్చింది.

"ఈ పాలి ముందే రాసి తేనేదుగదా బావు? సరే, ఇప్పుడు రాయి. ఆ పేజీ నువ్వే రాసినావని రాయి. నాను సదవకుండా సంతకం ఎట్టినానని రాయి. బుధోరం లోపల ఆ ముక్క కోర్టుకెల్తే నా నేల నాకొస్తాది. ఈ పాలి సదివే సంతకం సేస్తాను. నువ్వు నేర్పిందే."

ఫెలిక్స్ నవ్వు మొహం మీదే ఉండిపోయింది, లోపలిది మాత్రం ఆరిపోయింది. గొంతు తగ్గించి, "బైటికి రా, మాటాడుకుందాం," అన్నాడు.

"బైట మాట కోసం పదకొండు పాళ్ళు తిరిగినాను."

"ఒరే, కెమెరాలున్నాయి."

"ఆ పొద్దు నాకు కళ్ళున్నాయి. ఏటి లాభం."

సత్యానందం కూచున్న చోటు నుంచే, "ఒకసారి పుస్తకంలోకి ఎక్కింది మళ్ళీ ఎత్తకూడదు తమ్ముడూ. సంఘం పద్ధతి," అన్నాడు.

"నీతో తగువు ఎత్తడం నేదు మేస్త్రీ. నీకిచ్చిన సెయ్యి ఎనక్కి తీసుకోను. నువ్వు దొంగవని తెలిసే ఇచ్చినాను. ఇది ఈయనతో. కొత్తది."

ముసలివాళ్ళు కొందరు తలలూపారు. పద్ధతి ప్రకారం సరే. పాస్టరు గారు పెన్ను మూత తీసి ఫెలిక్స్ ముందు పెట్టారు. ఎన్నాళ్ళకో ఆయన చేసిన ఒక్క సరైన పని అది.

ఫెలిక్స్ పెన్ను కేసి చూశాడు. బురదలో నిలబడి పంతొమ్మిది పేర్లు రాసినవాడికి ఇప్పుడు మూడు లైన్లు రాయాలి. గుడంతా ఎదురుచూసింది. ఫ్యాన్లు తిరుగుతున్నాయి. వెనకెక్కడో ఒక పసిబిడ్డ ఏడిస్తే తల్లి నోరు మూసింది.

ఫెలిక్స్ వాచీ చూసుకున్నాడు. "మీటింగుంది," అన్నాడు పాస్టరు గారితో. టీవీవాళ్ళకి దండం పెట్టాడు. పార్టీ పెద్దని లేపి, తలుపు దాకా నడిచి, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు. సత్యానందం కర్ర టకటకలాడించుకుంటూ వెనకాలే వెళ్ళాడు. బళ్ళు బయలుదేరిన చప్పుడు అందరికీ వినిపించింది.

రొట్టె మీద గుడ్డ తీయలేదు. తీయకూడదు. ఆ నెల ఆ సంఘంలో ఎవరికీ బల్ల లేదు. కొందరు బైరాగిని తిట్టుకుంటూ లేచారు. ఎలక్షన్ల ముందు ఇదేం పని అన్నారు, ఏదైనా ఉంటే ఇంట్లో చూసుకోవాలన్నారు. ఒక ముసలామె మాత్రం పోతూ పోతూ అతని భుజం తట్టి పోయింది.

బైరాగి కదల్లేదు. గుడి ఖాళీ అయ్యాక బల్ల దగ్గరికి వెళ్ళి, ఫెలిక్స్ ముట్టని పెన్ను తీసుకున్నాడు. రోజా పక్కన నిలబడింది. అప్పలకొండమ్మ, "ఏటి రాస్తావో గట్టిగా సదువుతూ రాయి. నాను ఇంటాను," అంది.

అతను చదువుతూ రాశాడు. బుధవారం వచ్చి వెళ్ళింది. ఎలక్షనూ వచ్చి వెళ్ళింది, ఫెలిక్స్ గెలిచాడు. వాట్‌గంజ్ బెతెస్ద సంఘం సమాధాన పుస్తకంలో రెండో సంతకం లేని పేజీ అదొక్కటే. చూడదలుచుకున్నవాళ్ళు ఇప్పటికీ వెళ్ళి చూడవచ్చు. అయిదో తరగతి అక్షరాలు, పెద్దవి, తప్పుల్లేవు:

"ఫెలిక్స్ మీద నాకు ఉంది. పోలేదు. అతను రాయనన్నాడు కాబట్టి నేనే రాస్తున్నాను. మా అమ్మ అమ్మన్నమ్మ నేల, పెదకొర్లాం గ్రామం, సర్వే నంబరు నూట పదిహేడు బై మూడు, తూర్పున ఇసుక దారి, పడమర గెడ్డ వాగు, నాలుగు జీడిమామిడి చెట్లతో సహా, ముప్పై ఎనిమిది సెంట్లు."